తొమ్మిది దగ్గర ఆగిపోయిన మస్టరు

విజయవాడలో నేను చేసే పని పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలు చూడడం. బట్టల దుకాణాలు, ప్రింటింగ్ ప్రెస్సులు, ల్యాబులు, ఆటోనగర్ షెడ్లు, రెండు మూడు కాలేజీలు... అన్నిటికీ నెలనెలా రిటర్నులు వేసి పెడతాను. మమ్మల్ని లేబర్ కన్సల్టెంట్లు అంటారు. నా ఆఫీసు అద్దె నేనే కట్టుకుంటాను. కంప్యూటరు నాది, కరెంటు బిల్లు నాది. ఏ పార్టీ పని ముందు చెయ్యాలో నేనే చూసుకుంటాను. ఒక పార్టీ పోతే ఇంకో పార్టీ ఉంటుంది. రిటర్ను ఆలస్యమై పెనాల్టీ పడితే వచ్చి నిలదీస్తారు గానీ, పొద్దున్నే తొమ్మిదింటికి ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. కన్సల్టెంటు అంటే అదీ.

ఈ మధ్య మాత్రం అందరూ కన్సల్టెంట్లే అయిపోయారు. ల్యాబులో రక్తం తీసే అమ్మాయి, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే లెక్చరరు, షోరూములో చీరలు విప్పి చూపించే కుర్రాడు, అందరి పేరుతోనూ వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఒక 'రిటైనర్‌షిప్ అగ్రిమెంటు' ఉంటుంది. ఒకళ్లది చూస్తే చాలు, తక్కినవన్నీ దాని జిరాక్సులే. మొదటి పేజీలో 'ఇరుపక్షాల మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం ఏదీ లేదు' అని ఉంటుంది. రెండో పేజీకి వచ్చేసరికి పొద్దున ఏడింటికి రావాలి, వేలిముద్ర వెయ్యాలి, యూనిఫాం వేసుకోవాలి, సెలవు కావాలంటే మేనేజరును అడగాలి, ఇంకెక్కడా పని చెయ్యకూడదు. మొదటి పేజీ అబద్ధమని చెప్పడానికి సాక్ష్యం వేరే అక్కర్లేదు, రెండో పేజీ చాలు.

ఒక డయాగ్నస్టిక్ సెంటరు యజమాని ఆ మధ్య ఇలాంటి కట్ట పట్టుకొచ్చాడు. మస్టరులో తొమ్మిది మంది, అగ్రిమెంట్ల మీద పన్నెండు మంది. తొమ్మిది దగ్గరే మస్టరు ఎందుకు ఆగిందో ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పదో మనిషి చేరితే ఈఎస్ఐ, గ్రాట్యుటీ వర్తిస్తాయి, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ వెయ్యాల్సి వస్తుంది. ఇరవైకి చేరితే పీఎఫ్.

"అడ్వకేటు గారే డ్రాఫ్టు చేశారు సార్, గట్టిగానే ఉంటుంది కదా?" అన్నాడు.

స్టాంపు పేపరు గట్టిదే. కాకపోతే దాని మీద రాసుకున్న మాటను పీఎఫ్ కమిషనరు గానీ, లేబర్ కోర్టు గానీ నమ్మి తీరాలన్న నియమం లేదు. ఇది ఈనాటి సంగతీ కాదు. యాభై ఏళ్ల కిందట మన హైకోర్టు నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసు, 1973. తెలంగాణ ప్రాంతానికి వర్తించే 1951 నాటి దుకాణాల చట్టం కింద వచ్చిన వివాదం అది. దర్జీ దుకాణాల యజమానుల వాదన వింటే నిజంగానే సబబుగా ఉంటుంది. మా దగ్గర నెల జీతం లేదు, జతకింత అని కూలీ ఇస్తాం, పనితనాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో రేటు. ఒకరోజు రాకపోతే సెలవు చీటీ అక్కర్లేదు, చెప్పకుండా మానేసినా అడగం. పని లేకపోతే దుకాణం మూసేదాకా కూర్చోనక్కర్లేదు, వెళ్లిపోవచ్చు. కొందరు బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టుకొస్తారు కూడా. ఇలాంటివాళ్లు మా ఉద్యోగులెలా అవుతారు?

జస్టిస్ కె.కె.మాథ్యూ తీర్పు రాశారు. కుట్టు మిషన్లు ఎవరివి? యజమానివి. కుట్టిన బట్ట బాగాలేదని తిప్పికొట్టి, మళ్లీ కుట్టమనే హక్కు ఎవరిది? యజమానిది. చెప్పినట్టు కుట్టకపోతే మర్నాటి నుంచి పని ఇవ్వకుండా ఆపగలిగేది ఎవరు? ఆయనే. ఇంటికి తీసుకెళ్లాలన్నా ఆయన ఒప్పుకోవాల్సిందే. నీ పని ఇలా చెయ్యి అని పక్కన నిలబడి చెప్పడమే అజమాయిషీ కాదు, నిపుణుడైన పనివాడికి అలా చెప్పే అవసరమే రాదు. పని బాగోలేదని తిప్పికొట్టే అధికారం ఉంటే అదీ అజమాయిషీయే అన్నది ఆ తీర్పు సారం. దర్జీలు ఉద్యోగులే అయ్యారు.

ఆ దర్జీకి ఉన్న స్వేచ్ఛలో పదో వంతు లేదు ఈ ల్యాబు అమ్మాయికి. చెప్పకుండా మానేసే వెసులుబాటు ఆయనకు ఉంది. ఈమె అరగంట ఆలస్యమైతే సగం రోజు జీతం కోత.

తెలంగాణలో బీడీలు చుట్టే ఆడవాళ్ల విషయమూ ఇలాంటిదే. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏ ఊరికి వెళ్లినా అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మలు కనిపిస్తారు. తునికాకు, తంబాకు కార్ఖానా ఇస్తుంది, ఇంటి దగ్గర చుట్టి టేకేదారుకు అప్పజెప్తారు, బాగోలేని కట్టలు తీసి పడేస్తాడు. పీఎఫ్ కట్టాల్సి వచ్చినప్పుడు దేశంలోని బీడీ కంపెనీలు చెప్పింది, వాళ్లు ఇంట్లో కూర్చుని చేసుకుంటున్నారు, మా ఉద్యోగులు కారు అని. 1985లో పి.ఎం.పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఇక్కడా అదే కొలత, తీసి పడేసే హక్కు ఎవరిదైతే వాళ్లే యజమాని. ఆ పీఎఫ్ నంబరు విలువ ఎంతో 2015లో తెలిసింది. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఆసరా పింఛను ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, పీఎఫ్ ఖాతా ఉండడాన్నే అర్హతగా పెట్టింది. పుస్తకంలో పేరున్నామెకు పింఛను వచ్చింది. పక్కింట్లో అవే బీడీలు చుట్టి, ఎక్కడా పేరు లేనామెకు రాలేదు.

ఇక మన ల్యాబు లెక్క. ఆ ఇరవై ఒక్క మందికీ నెలకు తలా 15,000 అనుకుందాం. 2014 నుంచి పీఎఫ్‌కు ఉన్న పరిమితి కూడా అంతే. రేపెప్పుడో ఒక అమ్మాయి మానేస్తూ ఫిర్యాదు పెట్టిందనుకోండి. అగ్రిమెంట్లు చెల్లవని తేలితే సంస్థలో ఉన్నది ఇరవై ఒక్క మంది, కాబట్టి మస్టరులో ఉన్న తొమ్మిది మందికీ కలిపే పీఎఫ్ లెక్క వేస్తారు. ఒక్కొక్కరికి యజమాని వాటా 12 శాతం, ఉద్యోగి వాటా 12 శాతం, కలిపి నెలకు 3,600. అందరికీ 75,600. మూడేళ్లకు 27,21,600. దీని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆపైన డ్యామేజీలు వేరు. ఉద్యోగి వాటా కూడా ఎందుకు కలిపానంటే, ఆ నెల జీతంలో కోయని సొమ్మును తర్వాత జీతాల్లోంచి కోసుకోవడానికి పీఎఫ్ స్కీము ఒప్పుకోదు. రెండు వాటాలూ యజమాని జేబులోంచే పోతాయి. నెలకు మనిషికి 1,800 మిగులుతుందని మొదలుపెట్టిన తెలివి అది.

"ఆ పిల్లలే పీఎఫ్ వద్దు, చేతికే ఇవ్వండి అన్నారు సార్" అన్నాడు. అని ఉంటారు, కాదనను. ఇరవై రెండేళ్ల వయసులో పీఎఫ్ కావాలని ఎవరడుగుతారు? కానీ ఉద్యోగి వద్దనుకుంటే పోయే హక్కు కాదది. పైగా చేతికి వచ్చేదీ పూర్తిగా రావడం లేదు. జీతమని కాకుండా ప్రొఫెషనల్ ఫీజని చూపిస్తున్నారు కాబట్టి, పది శాతం టీడీఎస్ కోస్తున్నారు. నెలకు 1,500, ఏడాదికి 18,000. ఆ అమ్మాయి ఏడాది సంపాదన 1,80,000. ఉద్యోగిగా చూపిస్తే ఒక్క రూపాయి పన్ను కోసేవాళ్లు కారు. ఇప్పుడామె ఎవరికో ఫీజిచ్చి రిటర్ను వేయించుకుని, రిఫండు కోసం ఎదురు చూడాలి. రిటర్ను వెయ్యాలన్న సంగతే తెలియని పిల్లలు నాకు చాలామంది తగిలారు. ఏళ్ల తరబడి తమ డబ్బు తామే వదిలేసుకుంటున్నారు.

ప్రమాదాల సంగతి క్లుప్తంగా చెప్తాను. ట్రిప్పుకింత అని మాట్లాడుకున్న లారీ డ్రైవరు డ్యూటీలో చనిపోతే, ఉద్యోగి కాడన్న వాదన నిలబడకపోతే, పరిహారం లెక్కే వేరు. ముప్పై ఏళ్ల మనిషి, నెలకు 15,000 అయితే, అందులో సగాన్ని వయసు గుణకం 207.98తో హెచ్చించాలి. 15,59,850. ఈఎస్ఐ వర్తించే సంస్థలో అయితే ఆ భారం కార్పొరేషన్ మోసేది. దానికి యజమాని కట్టేది జీతంలో 3.25 శాతమే. పదిహేను వేలకు 487 రూపాయల యాభై పైసలు.

యజమానులకు ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది, నాకు అన్నిటికన్నా దీనికే నవ్వొస్తుంది. ఒక కుర్రాడిచేత మీ సంస్థకు సాఫ్ట్‌వేరు రాయించారు, లేదా లోగో, కేటలాగు గీయించారు. ఉద్యోగి అయితే, వేరే ఒప్పందం లేనంతవరకు కాపీరైటు 1957 చట్టం 17వ సెక్షను ప్రకారం యజమానిదే. ఫ్రీలాన్సరు అని రాసుకున్నారా, మామూలుగా ఆ హక్కు గీసినవాడిదీ, రాసినవాడిదీ. మీకు రావాలంటే అతను రాతపూర్వకంగా బదలాయించాలి. ఆ రాతలో ఎన్నేళ్లకో చెప్పకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగానే లెక్కేస్తుంది. పీఎఫ్ మిగుల్చుకోవడానికి మనిషిని బయటివాణ్ని చేసిన యజమాని, అదే సంతకంతో తన సాఫ్ట్‌వేరు మీద హక్కు కూడా వదిలేసుకుంటున్నాడు. ఈ ముక్క చెప్పినప్పుడు ఒక సాఫ్ట్‌వేరు సంస్థ ఆయన టీ గ్లాసు కింద పెట్టి, అగ్రిమెంటు మళ్లీ మొదటి నుంచి చదివాడు. పీఎఫ్ గురించి చెప్పినంతసేపూ ఫోను చూసుకుంటూ కూర్చున్న మనిషే.

పని చేసే ప్రతివాణ్నీ మస్టరులో ఎక్కించమని నేననడం లేదు. అయిదారు సెంటర్ల స్కాన్లు ఇంట్లో తన కంప్యూటరు ముందు కూర్చుని చదివి, కేసుకింత తీసుకునే రేడియాలజిస్టు నిజమైన కాంట్రాక్టరే. ఏసీ మరమ్మతులకు ఏడాది ఒప్పందం చేసుకున్నాయనా అంతే. 2020లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కంటి డాక్టరు కుటుంబం కేసు వచ్చింది. సంస్థ మినీ బస్సులో వెళ్తూ ప్రమాదంలో పోయారాయన. బీమా కంపెనీ, ఆయన ఆ సంస్థ ఉద్యోగి కాబట్టి మా పాలసీ వర్తించదు అంది. కోర్టు ఒప్పందంలోని షరతులన్నీ కలిపి చూసి, ఆయన స్వతంత్రంగా సేవలందించిన మనిషే, ఉద్యోగి కాదు, కాబట్టి బీమా ఇవ్వాల్సిందే అంది. చూడండి, ఇక్కడ ఉద్యోగి అనిపించుకుంటే కుటుంబం నష్టపోయేది. ఎవరికి ఏది లాభమో దాన్నిబట్టి మనిషి హోదా మారదు. పని ఎలా జరిగింది, డబ్బు ఎలా వచ్చింది, పరికరాలు ఎవరివి, నష్టం ఎవరిది, ఈ పని లేకపోతే సంస్థ నడుస్తుందా అన్నవన్నీ కలిపి చూస్తారు.

అలా కలిపి చూడడం బాగానే ఉంది. నా అభ్యంతరమల్లా, చూపించే బాధ్యత ఎవరి మీద ఉంది అన్నదాని మీదే. 2004లో నీలగిరి సహకార మార్కెటింగ్ సొసైటీ కేసులో, మూటలు మోసి, సరుకు గ్రేడింగు చేసే కూలీలు తాము సొసైటీ ఉద్యోగులమేనన్నారు. ఉద్యోగినని చెప్పుకునేవాడే దాన్ని రుజువు చేసుకోవాలని సుప్రీంకోర్టు అంది. వాళ్లు ఓడిపోయారు. న్యాయసూత్రంగా అది సరైనదే కావచ్చు. మరి మన ల్యాబు అమ్మాయి ఏం పట్టుకొచ్చి రుజువు చేస్తుంది? వేలిముద్రల లెక్క యజమాని కంప్యూటరులో ఉంది. డ్యూటీ చార్టు రిసెప్షన్ వెనక గోడకుంది. అగ్రిమెంటు కాపీ ఆమెకు ఇవ్వనే లేదు. ఆమె దగ్గర ఉన్నవల్లా బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ గ్రూపులో 'రేపు అందరూ ఆరున్నరకే రావాలి' అన్న మెసేజీలు. మానేసిన రోజునే గ్రూపులోంచి తీసేస్తారు కాబట్టి, మా దగ్గరికి సలహాకొచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోమ్మా అని.

అమెరికాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు డబ్ల్యూ-2, 1099 అన్న మాటలు కొత్త కాదు. జీతం మీద పనా, కాంట్రాక్టరుగానా అన్న తేడానే అది. కాలిఫోర్నియాలో 2018లో అక్కడి సుప్రీంకోర్టు, ఆ తర్వాత 2020 జనవరి నుంచి ఏబీ-5 అనే చట్టం ఈ భారాన్ని తిరగేశాయి. పనిచేసే మనిషి ఉద్యోగే అని ముందు అనుకుంటారు. కాదని యజమాని నిరూపించుకోవాలి, అదీ మూడు విషయాల్లో. పని మీద తన అజమాయిషీ లేదని, ఆ పని తన వ్యాపారంలో భాగం కాదని, ఆ మనిషికి అదే రకం సొంత వ్యాపారం ఉందని. మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఉద్యోగే. యాప్ కంపెనీలు డబ్బు గుమ్మరించి అదే ఏడాది నవంబరు బ్యాలెట్‌లో తమ డ్రైవర్లను ఆ చట్టం నుంచి తప్పించుకున్నాయి, అది వేరే కథ. మన ల్యాబును ఈ మూడు ప్రశ్నలు అడిగి చూడండి. రక్త పరీక్షల సంస్థకు రక్తం తీయడం తన వ్యాపారం కాదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

మన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాటిలో మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి. ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు గ్రాట్యుటీ కోసం అయిదేళ్లు ఆగక్కర్లేదు, ఏడాదికే వస్తుంది. మానేసినా, తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. కానీ ఇవన్నీ ఉద్యోగికి. ఎవరు ఉద్యోగి అన్న తగువు దగ్గర కోడ్‌లు భారం తిరగెయ్యలేదు సరికదా, మూడో గది ఒకటి కట్టాయి. సంప్రదాయ యజమాని, ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసి సంపాదించేవాడు గిగ్ వర్కరు అని నిర్వచించాయి. వెలుపల అంటే ఎక్కడి నుంచి, ఆ గీత ఎవరు గీస్తారు, చెప్పలేదు. డెలివరీ యాప్‌లు తమ టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం సంక్షేమ నిధికి కట్టాలి, అదీ గిగ్ కార్మికులకు చెల్లించే దానిలో అయిదు శాతం మించకుండా. ఏమీ లేనివాళ్లకు అది మేలే. తెలంగాణ కూడా 2025లో గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదా ప్రజల ముందుంచింది. నా భయం వేరు. రేపు ఈ ల్యాబు అగ్రిమెంటులోనే 'కన్సల్టెంటు' కొట్టేసి 'గిగ్ వర్కరు' అని రాసుకొస్తారు. జిరాక్సు షాపుల్లో నమూనాలు కూడా వచ్చేస్తాయి.

ప్రభుత్వాన్ని చూసే మేం నేర్చుకున్నాం అంటారు కొందరు యజమానులు. ఆ మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు. అంగన్‌వాడీ టీచరుకు ఇచ్చేది గౌరవ వేతనమని దశాబ్దాలు సాగించారు. 2022లో సుప్రీంకోర్టు ఆమెకూ గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనంది. కేంద్ర జల సంఘం ఆఫీసును ఏళ్ల తరబడి ఊడ్చిన ఆడవాళ్లను పార్ట్‌టైమ్ అని, తాత్కాలికమని ఉంచి ఒక్క కలం పోటుతో తీసేస్తే, 2024 డిసెంబరులో కోర్టు వాళ్లను రెగ్యులర్ చేయమంది. ఆ తీర్పులో అమెరికాలో మైక్రోసాఫ్ట్ మీద నడిచిన కేసును కూడా ఉదహరించారు. అక్కడా సమస్య అదే, ఉద్యోగుల పక్కనే కూర్చుని అదే పనిచేసే వాళ్లకు వేరే పేరు పెట్టడం.

నేను కోరేది రెండు మార్పులు. ఒకే యజమాని దగ్గర, ఆయన చోట, ఆయన చెప్పిన వేళల్లో మూడు నెలలు దాటి పనిచేసిన మనిషిని చట్టం ఉద్యోగిగానే అనుకోవాలి, కాదంటే యజమాని నిరూపించుకోవాలి. ఇది చట్టం మార్చాల్సిన పని. రెండోదానికి అంత అక్కర్లేదు, రాష్ట్రాలు నిబంధనల్లో రాస్తే చాలు: సంతకం పెట్టించుకున్న ఏ కాగితమైనా తెలుగులో ఉండాలి, ఒక కాపీ అదే రోజు పనిచేసే మనిషి చేతికివ్వాలి.

చిన్న సంస్థలు ఇంత ఖర్చు తట్టుకోలేవన్న మాట నేను రోజూ వింటాను, తీసిపారెయ్యను. పదో మనిషికి, ఇరవయ్యో మనిషికి ఒక్కసారిగా విరుచుకుపడే ఈ గట్లే మస్టరును ఆపుతున్నాయని నాకూ తెలుసు. అయితే ఖర్చు లెక్కేసేవాళ్లు రెండో వైపు కూడా చూడాలి. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 లోపు కొత్త ఉద్యోగాలిచ్చే సంస్థలకు ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద కేంద్రం డబ్బిస్తోంది. పీఎఫ్‌లో ఉండి, యాభై మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా చేర్చుకుని ఆరు నెలలు కొనసాగిస్తే, పదివేలు దాటి ఇరవై వేల లోపు జీతమున్న ఒక్కొక్కరికి నెలకు 2,000 చొప్పున రెండేళ్లు యజమానికే వస్తుంది. పదిహేను వేల జీతానికి యజమాని కట్టే పీఎఫ్ 1,800. నా పార్టీల్లో ఒక ప్రెస్సు ఆయన ఈ లెక్క కాగితం మీద వేయించుకుని, బైండింగులో ఇద్దరిని మస్టరులోకి తీసుకున్నాడు. మిగతావాళ్లకు ఫోన్లు చేస్తున్నాను.